వెనకాలే వచ్చే బండి

గుట్టకిందపల్లి సబ్‌సెంటర్,
12 జూలై 2001

అన్నా,

నీ చెల్లెలు పుష్పావతి రాసేది. ఉద్యోగంలో చేరాక నీకు నిదానంగా ఒక ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు కూడా నిదానంగా రాయడం లేదు, కోపంగా రాస్తున్నాను.

ముందు మంచి మాటలు చెప్తాను. నల్లమాడ నుంచి ఇక్కడికి ఒకే బస్సు వస్తుంది. సబ్‌సెంటర్‌లో ఒక గది మందులకు, ఒక గది నాకు. చుట్టుపక్కల పల్లెలూ, గుట్ట అవతల ఉన్న సుగాలి తండా కూడా నా కిందికే వస్తాయి. కాన్పులు, టీకాలు, జ్వరాలు అన్నీ నేనే చూసుకోవాలి. తండాకు బస్సు లేదు. ప్రతి బుధవారం టీకాల డబ్బా భుజాన వేసుకుని నడిచి పోతాను. ఎదురుగా టీ అంగడి నడిపే మస్తానాబీ నన్ను కూతురిలా చూస్తుంది. వాన మాత్రం లేదు. చెనిక్కాయ వేసినవాళ్ళు మబ్బు కోసం చూస్తున్నారు, కాస్త కలిగినవాళ్ళు బోర్లు వేయిస్తున్నారు.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. నీతో హైస్కూల్లో చదివిన వెంకటేశులుకు నన్ను చూసుకోమని నువ్వు చెప్పావా?

అతను ఇప్పుడు బోరు లారీ ఏజెంటు. ఎవరి చేనులో బోరు వేయాలన్నా లారీ మాట్లాడి పంపేది అతనే. అందుకే ఏ ఊళ్ళో కనిపించినా ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. మొదట నీ యోగక్షేమాలు అడిగాడు. నీ స్నేహితుడు కదా అని టీ ఇప్పించాను. ఇక రోజూ వస్తున్నాడు. సబ్‌సెంటర్ ఎదురుగా మోటార్ సైకిల్ నిలిపి దాని మీద కూర్చుంటాడు. నేను తండాకు బయల్దేరితే వెనకాలే బండి, నేను నడిచినంత నెమ్మదిగా. నేను ఆగితే ఆగుతుంది, నడిస్తే కదులుతుంది. నాకు ఇష్టం లేదు, నా వెంట రావద్దు అని నడిరోడ్డులో మొహం మీదే చెప్పాను. నవ్వాడు.

"మీ యన్న నిన్ను చూసుకోమన్నాడు. చూసుకుంటాండా."

నువ్వు నిజంగా అలా చెప్పి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకుని వాడికి రాయి. చెప్పకపోతే ఆ సంగతీ రాయి. ఏదైనా త్వరగా రాయి.

పుష్ప


రాజస్థాన్,
3 ఆగస్టు 2001

పుష్పమ్మకు అన్న నరసింహులు దీవెనలు.

నీ ఉత్తరం అందేసరికి మా యూనిట్ ఎడారిలో ఉంది. ఇక్కడి ఎండ చూస్తే మన గార్లదిన్నె ఎండే నయమనిపిస్తుంది. తాగే నీళ్ళు కూడా ట్యాంకరులోనే వస్తాయి. మా వాళ్ళు నన్ను ఎగతాళి చేస్తారు, నీకేమప్పా, అనంతపురం వాడివి, నీకు అలవాటే అని.

వెంకటేశులుకు చెప్పింది నేనే. పోయిన సెలవులో కలిసినప్పుడు, మా చెల్లెలు ఆ పక్క ఒంటరిగా ఉంటుంది, ఒక కంట కనిపెట్టుకో అన్నాను. అంతే. అతను మన ఇంట్లో అన్నం తిన్న మనిషి. బళ్ళో నాకు జ్వరమొస్తే ఇంటిదాకా మోసుకొచ్చినవాడు. బోర్ల పని మీద తిరిగేవాడు కాబట్టి నీ దారిలోనే కనబడుతూ ఉంటాడు. దాన్ని ఇంత పెద్దది చేసుకోవద్దు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. టీ ఇప్పించానని నువ్వే రాశావు. నవ్వుతూ మాట్లాడి ఉంటావు, నీది చిన్నప్పటి నుంచీ అంతే. అతను వేరేగా అనుకున్నాడేమో. కొన్నాళ్ళు తల వంచుకుని నీ పని నువ్వు చేసుకో, అతనే సర్దుకుంటాడు. నేనూ ఒక కార్డు ముక్క రాస్తాను.

వేళకు తిను.

నరసింహులు


గుట్టకిందపల్లి,
25 ఆగస్టు 2001

అన్నా,

నీ ఉత్తరం చదివి చింపేశాను. జవాబు రాయాలి కదా అని మళ్ళీ ముక్కలు ఏరుకున్నాను.

టీ ఇప్పించాను, నిజమే. పోస్టు తెచ్చే చెన్నప్పకు రోజూ ఇప్పిస్తాను. ఆయన నా వెంట తండాకు రావడం లేదు. నా గది తలుపు మీద రాళ్ళు వేయడం లేదు. వచ్చే పోయే ఆడవాళ్ళను ఆపి, ఈమె నాకు కాబోయే పెండ్లాం అని చెప్పడం లేదు. వెంకటేశులు ఇవన్నీ చేస్తున్నాడు. నీ కార్డు అందిందట. దాన్ని జేబులో పెట్టుకుని, మీ అన్న నాకు ఎంత ప్రేమగా రాశాడో చూడు అని ఊళ్ళో వాళ్ళకు చూపిస్తున్నాడు. అందులో ఏం రాశావన్నా?

తల వంచుకునే తిరుగుతున్నాను. తల వంచుకుంటే బండి చప్పుడు ఇంకా బాగా వినిపిస్తుంది.

అన్నకు రాయకూడని మాట ఒకటి రాస్తున్నాను. ఇక్కడ మరుగుదొడ్డి లేదు, అందరూ గుట్ట పక్కకు పోవాల్సిందే. నేను పోయినప్పుడల్లా ఆ బండి దారిలో ఉంటుంది. అందుకని నీళ్ళు తాగడం తగ్గించాను. మూత్రంలో మంట మొదలైంది, చలిజ్వరం పట్టుకుంది. నిద్ర లేదు, అన్నం లోపలికి పోదు. మా పీహెచ్‌సీ డాక్టరు గారు చూసి మందులిచ్చారు. నా రక్తపోటు చూసి, నీ వయసుకు ఇంత ఉండకూడదే అన్నారు. జరిగింది చెప్పాను. అంతా విని, ఇది నీ ఒంట్లో పుట్టిన రోగం కాదు, బయటి నుంచి ఒకడు తెచ్చి పెడుతున్నాడు అన్నారు. ఇన్నాళ్ళకు ఆ మాట అన్నది డాక్టరు గారొక్కరే. నీ దగ్గర నుంచి వస్తుందనుకున్నాను.

వారి మాట మీదే పోలీసు స్టేషన్‌కు పోయాను. ఫిర్యాదులు రాసుకునే రైటరు కుర్చీలో వెనక్కి వాలి అడిగాడు.

"వాడు నిన్ను ముట్టుకున్యాడా?"

లేదన్నాను.

"తిట్టినాడా?"

లేదన్నాను.

"మరి ఏమని రాసుకునేది తల్లీ? రోడ్డు మీద పోతాండాడని రాసుకునేదా?"

పక్కనున్న కానిస్టేబుల్, పెండ్లి చేసుకుంటే రోజూ బండి మీదే పోవచ్చు కదా అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేను అక్కడే నిలబడి వాళ్ళు నవ్వడం ఆపేదాకా చూశాను. తర్వాత వచ్చేశాను. ఏమీ రాసుకోలేదు.

పోయిన బుధవారం వాడు గుట్ట మలుపులో దారికి అడ్డంగా బండి పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ మనిషి లేడు. టీకాల డబ్బాతో వెనక్కి తిరిగి వచ్చేశాను. తండాలో తల్లులు బిడ్డలను ఎత్తుకుని నా కోసం కాచుకుని ఉంటారు.

చిన్నదాన్ని పెద్దది చేసుకుంటున్నానని ఇంకొకసారి రాయకు.

పుష్పావతి


రాజస్థాన్,
20 సెప్టెంబర్ 2001

పుష్పావతికి,

నీ ఉత్తరం, వెంకటేశులు ఉత్తరం ఒకే సంచిలో వచ్చాయి. నీది చదివి రక్తం ఉడికింది. అతనిది చదివాక ఏది నమ్మాలో తెలియకుండా పోయింది. నువ్వు పెండ్లికి ఒప్పుకున్నావట. తర్వాత పీహెచ్‌సీలో ఎవరో డాక్టరు పరిచయమై మనసు మార్చుకున్నావట. నీ ఉత్తరం మళ్ళీ చదివితే అందులోనూ డాక్టరు గారు అన్నారు, డాక్టరు గారు చెప్పారు అనే ఉంది. ఎవరా డాక్టరు? నీకు ఎంత పరిచయం? ఇంత దూరంలో ఉన్నవాణ్ణి, నాకు తెలియాలి కదా.

నిన్ను వెంటనే ఇంటికి తీసుకుపొమ్మని నాయనకు రాశాను. ఉద్యోగం కంటే పరువు ముఖ్యం. అమ్మ తరపున ఒక మంచి సంబంధం ఉంది, నేను సెలవుకు వచ్చేసరికి అది ఖాయం చేయమన్నాను. పెండ్లయితే ఎవడూ వెంటపడడు.

నీ మేలు కోరేవాణ్ణి,
నరసింహులు


గార్లదిన్నె దగ్గర, మన ఇల్లు,
14 అక్టోబర్ 2001

అన్నా,

ఆ డాక్టరు పేరు గంగాదేవి. ఆమెకు ఇద్దరు మనవళ్ళు. మోకాళ్ళ నొప్పితో కుర్చీలోంచి లేవడానికి నా చేయి పట్టుకుంటుంది. నా పరిచయం అంత. వాడు రాసిన అబద్ధం ఒక వైపు, నేను చెప్పిన నిజం ఒక వైపు పెట్టుకుని, ఏది నమ్మాలో తెలియలేదని రాయడానికి నీకు చెయ్యి ఎట్లా వచ్చింది?

నీ ఉత్తరం చూసి నాయన వచ్చాడు. నా ట్రంకు పెట్టె తన భుజాన పెట్టుకుని బస్సెక్కాడు. ఊళ్ళో దిగాక, "నువ్వేం చేసినావని అడగను. వాడేం చేసినాడో చెప్పు" అన్నాడు. రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. అమ్మకు ఇంకా అన్నీ తెలియవు. సగమే చెప్పాం. ఆ సగానికే ఆమె రెండు పూటలు తినలేదు.

ఇంటికి వస్తే వాడు ఆగుతాడనుకున్నావు కదా. మొన్న ఇక్కడికే వచ్చాడు. ఏమీ ఎరగనట్టు అరుగు మీద కూర్చుని నాయనతో చేను గురించి మాట్లాడాడు. మన మెట్ట చేనులో బోరు తానే వేయిస్తానన్నాడు, పైసా వద్దన్నాడు, ఎట్లాగూ ఇంటి అల్లుణ్ణి కదా అన్నాడు. నీకు తెలుసు, ఆ చేనులో నీళ్ళు పడాలని నాయన ఎన్ని ఏళ్ళుగా కలవరిస్తున్నాడో. నేను తలుపు వెనక ఉన్నాను. నాయన తల ఎత్తి చేను దిక్కు చూశాడు.

తర్వాత నాయన లేచి నిలబడ్డాడు. "నా చేను ఎండనీ. నువ్వు లెయ్. ఈ అరుగు మీద మళ్లా కూకోవద్దు."

వాడు పోయాడు. వీధి చివరికి మాత్రమే. సాయంత్రం దాకా అక్కడే బండి మీద కూర్చున్నాడు. అప్పుడు నాయనకూ అర్థమైంది, నేను ఎక్కడున్నా ఒకటే అని. రేపు తిరిగి డ్యూటీకి పోతున్నాను. సంబంధం మాట వద్దని అమ్మతో నేనే చెప్పాను. ఒకడి నుంచి తప్పించుకోవడానికి ఇంకొకణ్ణి కట్టుకోను.

పుష్పావతి


సరిహద్దు దగ్గర,
30 డిసెంబర్ 2001

పుష్పా,

సంక్రాంతికి ముందే వద్దామనుకున్నాను. సెలవులన్నీ రద్దు చేశారు. మమ్మల్ని సరిహద్దుకు కదిలించారు, ఎన్నాళ్ళో తెలియదు. నీ ఉత్తరం జేబులోనే ఉంది. నాయన అన్న మాట నేను మొదటి ఉత్తరంలోనే రాసి ఉండాల్సింది.

ఈసారి వాడికి వేరే రకంగా రాశాను. వచ్చానంటే కాళ్ళు విరుస్తానని రాశాను. అప్పటిదాకా ఉద్యోగానికి సెలవు పెట్టు. నా మాట విను.

నరసింహులు


గుట్టకిందపల్లి,
18 మార్చి 2002

అన్నా,

నీ బెదిరింపు ఉత్తరం వాడికి అందింది. అందిన మరునాడే ఒక సీసా తెచ్చి సబ్‌సెంటర్ గోడ మీద పెట్టాడు. లారీ బ్యాటరీలో పోసే యాసిడ్. మీ అన్న వచ్చేలోపల ఏమైనా జరగవచ్చు అన్నాడు. ఈ మొహం చూసుకునే కదా నీకింత పొగరు అన్నాడు. అంతమంది గర్భిణీ స్త్రీలు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ కదల్లేదు. నువ్వు వెయ్యి మైళ్ళ అవతల కోపం తెచ్చుకుంటే దాన్ని ఇక్కడ ఒంటరిగా మోయాల్సింది నేను. ఇకముందు వాడికి ఒక్క ముక్క కూడా రాయవద్దు.

ఇంకొకటి చెప్పాలి. ఇది రాయడానికే చాలా రోజులు పట్టింది. తండాలో తట్టు వచ్చింది. ఇంటింటికీ పిల్లలు పడిపోయారు. సాలీబాయి కూతురికి ఏడాదిన్నర కూడా నిండలేదు, అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. నేనూ సాలీబాయీ జీపులో కదిరికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. ఒళ్ళో బిడ్డ పోయిన సంగతి తెలియక సాలీబాయి కొంగుతో విసురుతూనే ఉంది. చెప్పాల్సింది నేనే. చెప్పాను.

ఆ బిడ్డకు టీకా పడాల్సిన బుధవారమే నేను గుట్ట మలుపు నుంచి వెనక్కి వచ్చాను. తర్వాత ఇల్లు, సెలవు, మళ్ళీ వచ్చాక తోడు దొరికితేనే తండా. బిడ్డ దేని వల్ల పోయిందని పై నుంచి అడిగితే తట్టు అని రాశారు. అదీ నిజమే. మరి తండా దారికి అడ్డంగా కూర్చున్నవాడి పేరు ఏ కాగితంలో రాయాలి? నా వల్లే పోయిందని నేను ఏడుస్తున్నాననుకోవద్దు. ఆ నేరం నేను నెత్తిన వేసుకోను. ఎవరిదో వాళ్ళకే చెందాలి.

సీసా పెట్టిన రోజు మస్తానాబీ టీ అంగడి వదిలేసి వచ్చింది. ఆ సీసాను గుడ్డతో పట్టుకుని లోపల పెట్టి, నా పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పింది. ఆమె అక్క కూతురు ఫరీన్, పుట్టపర్తి పక్క పల్లెలో టీచరుగా ఉండేదట. ఉద్యోగం ఎందుకు మానేసిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మస్తానాబీకి మాత్రం చెప్పి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది. వెంటపడింది ఈ బోరు లారీ ఏజెంటేనట.

"నా నోరు నేనే కట్టుకున్యా. అది అప్పుడే తెరిచుంటే నీకీ గతి పట్టకపోను" అంది మస్తానాబీ.

మరునాడు పొదుపు సంఘం ఆడవాళ్ళంతా కూడారు. సాలీబాయి తండా నుంచి వచ్చింది. అందరం కలిసి స్టేషన్‌కు నడిచి, లోపలికి పోకుండా గేటు ముందు రోడ్డు మీద కూర్చున్నాం. బస్సులు ఆగిపోయాయి. రైటరు బయటికి వచ్చి ఏమమ్మా అంటే సంఘం లీడరు ఆంజినమ్మ సీసా అతని కాళ్ళ ముందు పెట్టి, దీన్ని గురించి రాసుకో అంది. కాగితం తీసుకున్నాడు. విచారిస్తాం పొండి అన్నాడు. విచారించలేదు. అందుకని వాడు మాట్లాడి పంపే లారీ మా పల్లెల్లోకి రాకూడదని ఆడవాళ్ళు కట్టడి చేశారు. ఎండాకాలం మొదట్లో బోరు వద్దంటే మగవాళ్ళు ఊరుకుంటారా? బోరుకు లారీ మాట్లాడుకున్న బయ్యన్న ఇంట్లో పెద్ద గొడవే అయింది. అయినా ఆంజినమ్మ లారీకి అడ్డంగా పడుకుంది. లారీ తిరిగి పోయింది.

నేను సెలవు పెట్టలేదు. ప్రతి బుధవారం తండాకు పోతున్నాను. ఒకరోజు ఆంజినమ్మ, ఒకరోజు ఇంకొకరు నాతో నడుస్తున్నారు. కూలి పోగొట్టుకుని నడుస్తున్నారన్నా. ఒక ఆడమనిషి తన పనికి తాను పోవడానికి.

పుష్పావతి


సరిహద్దు దగ్గర,
10 జూన్ 2002

పుష్పా,

నీ ఉత్తరం మా కమాండింగ్ ఆఫీసరుకు చూపించాను. ఆయనకు తెలుగు రాదు. నేనే చదివి హిందీలో చెప్పాను. సాలీబాయి కొంగుతో విసురుతున్న చోటికి వచ్చేసరికి ఇక చదవలేకపోయాను. ఆయన వెంటనే మన జిల్లా ఎస్పీకి రాశారు. మా జవాను చెల్లెలికి ఇట్లా జరుగుతోంది, ఏం చర్య తీసుకున్నారో తెలపండి అని.

వాణ్ణి అరెస్టు చేశారని నాయన రాయించాడు. చదివి ఆ రోజు కడుపు నిండా తిన్నాను. తర్వాత బెయిలు మీద వచ్చాడనీ, లారీ ఓనరు తీసేస్తే మడకశిర వైపు వేరే లారీలో చేరాడనీ తెలిసింది. పోనీలే. పీడ వదిలింది. మీ ఊరికి ఇక రాడు. వాళ్ళ అమ్మ మన ఇంటికి వచ్చి ఏడ్చిందట, కేసు వదిలేయమని. నీ ఇష్టం. నేనైతే ఇంతటితో మరిచిపొమ్మంటాను. కోర్టుల చుట్టూ ఎన్నేళ్ళు తిరుగుతావు? నువ్వు హాయిగా ఉంటే చాలు.

నరసింహులు


గుట్టకిందపల్లి,
22 ఆగస్టు 2002

అన్నా,

మీ ఆఫీసరు గారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన మంచి మనిషి. ఆయన ఉత్తరం వచ్చాక స్టేషన్‌లో ఏం జరిగిందో కూడా చెప్పు. నన్ను చూసి నవ్విన కానిస్టేబులే కుర్చీ తెచ్చి వేశాడు. రైటరు, ముందే చెప్పింటే అయిపోవును కదమ్మా, మీ యన్న మిలిట్రీ అని అన్నాడు. నేను ముందే చెప్పాను. నన్ను వెంటాడుతున్నాడని చెప్పాను. అది చాలలేదు. నా భయానికి లేని విలువ నా అన్న ఉద్యోగానికి ఉంది. ఆ కుర్చీలో కూర్చోలేదు, నిలబడే చెప్పాను. ఫరీన్‌కు మిలిట్రీలో అన్న లేడు. ఆమె కేసు ఎవరు రాసుకోవాలి?

నీ మీద కోపంతో రాయడం లేదు. ఉన్న కోపమంతా నీ మీదే పెట్టుకుంటే మిగిలినవాళ్ళకు తక్కువ పడుతుంది.

పీడ వదిలిందని రాశావు. ఎక్కడికి వదిలింది? మడకశిర పక్కకు. అక్కడ పల్లెలు లేవా? సబ్‌సెంటర్లు లేవా? మా పనిలో ఒక ఊళ్ళో కలరా కనిపిస్తే ఆ రోజే పక్క మండలానికి కబురు పెడతాం. మా ఊళ్ళో తగ్గింది, హాయిగా ఉన్నాం అని కూర్చోం. గంగాదేవి డాక్టరమ్మతో ఈ మాటే అన్నాను. ఆమె ఆ పక్క పీహెచ్‌సీకి ఫోను చేసి, నర్సుల నెలవారీ మీటింగు ఎప్పుడో కనుక్కుంది.

పొద్దున్నే బస్సెక్కి పోయాను. మడకశిర దాటాక బస్సులో అంతా కన్నడమే. దారి పొడుగునా గొర్రెల మందలు. హాలులో నర్సులంతా బెంచీల మీద ఉన్నారు. అక్కడి డాక్టరు, ఇది మీటింగు విషయం కాదమ్మా, చివర్లో చూద్దాం అన్నాడు. చివర్లో అందరూ బస్సుకు పోతారని నాకు తెలుసు. లేచి నిలబడ్డాను. నా పేరు, నా ఊరు చెప్పాను. వెంకటేశులు ఏం పని చేస్తాడు, ఎట్లా మొదలుపెడతాడు, ఊళ్ళో ఏమని చెప్పుకుంటాడు, అన్నీ చెప్పాను. సాలీబాయి బిడ్డ సంగతి చెప్పాను. డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు.

అప్పుడు వెనక బెంచీలో గోడ వారగా కూర్చున్న ఒకామె లేచింది. చాలా చిన్న పిల్ల, ఈమధ్యే చేరినట్టుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. చీర కొంగు రెండు చేతులతో పట్టుకుంది.

"ఆయప్ప పేరు నాకు తెలీదక్కా. మనిషైతే తెలుసు" అంది.

డాక్టరు ఏదో అనబోయాడు. నేను అతని వైపు చూడలేదు. ఆమె పక్కకు పోయి బెంచీ మీద చోటు చేసుకుని కూర్చున్నాను, ఆమె నిలబడి చెప్పుకోవడానికి.

పుష్పావతి